ఒక ఊరు – మూడు ఫ్యాక్టరీలు



మన ఇళ్లలో అల్యూమినియం గిన్నెలు ఉంటాయి. వాటిని కొందరు సత్తు గిన్నెలు అంటారు. కొందరు సిల్వర్ గిన్నెలు అంటారు. ఈ అల్యూమినియం ఎక్కడి నుంచి వస్తుంది? రాళ్ల నుంచి వస్తుంది. ముందు రాయి నుంచి ఒక తెల్లని పొడి తీస్తారు. ఆ పొడి పేరు అల్యూమినా. తర్వాత ఆ పొడి నుంచి కరెంటు సాయంతో లోహం తీస్తారు.

ఈ తెల్లని పొడి చేసే ఊళ్లలో ఒకటి రష్యా దేశంలో ఉంది. దాని పేరు పికల్యోవో. చిన్న ఊరు. ఫ్యాక్టరీతోనే పెరిగిన ఊరు. 2009లో ఆ ఊరి జనం పనులు లేక, జీతాలు రాక రోడ్డెక్కారు. ఆ సంగతి దేశమంతా మారుమోగింది. అసలు ఏం జరిగింది? తెలుసుకుందాం.

ఊరు ఎక్కడ ఉంది?

రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ అనే పెద్ద నగరం ఉంది. అక్కడి నుంచి తూర్పు వైపు సుమారు 250 కిలోమీటర్లు పోతే పికల్యోవో వస్తుంది. 2010 జనాభా లెక్కల్లో అక్కడ 21 వేల పైచిలుకు మంది ఉన్నారు.

అక్కడ చలి ఎక్కువ. చలికాలంలో నెలల తరబడి మంచు పడుతుంది. అందుకని రష్యా పట్టణాల్లో ఒక ఏర్పాటు ఉంటుంది. ఊరంతటికీ ఒకేచోట పెద్ద పెద్ద బాయిలర్లలో నీళ్లు కాస్తారు. ఆ వేడి నీళ్లు గొట్టాల ద్వారా ఇంటింటికీ వస్తాయి. స్నానానికీ అవే. చలికాలంలో గదులు వెచ్చగా ఉండేదీ ఆ వేడితోనే. పికల్యోవోలో ఈ వేడి ఇచ్చే కేంద్రం ఫ్యాక్టరీ చేతిలో ఉండేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

ఊరు ఎలా పెరిగింది?

మొదట అది చిన్న పల్లె. ఆ చుట్టుపక్కల భూమిలో సున్నపురాయి ఉంది. సిమెంటు చేయడానికి సున్నపురాయి కావాలి. అందుకే 1930ల్లో అక్కడ సిమెంటు ఫ్యాక్టరీ కట్టారు. పనికోసం జనం వచ్చి చేరారు.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941 నవంబరులో జర్మనీ సైన్యం దగ్గరలోని తిఖ్విన్ పట్టణం దాకా వచ్చేసింది. డిసెంబరులో రష్యా సైన్యం వాళ్లను అక్కడి నుంచి వెళ్లగొట్టింది.

యుద్ధం అయ్యాక ఊరు పెద్దదైంది. 1954లో దానికి పట్టణం హోదా వచ్చింది. 1959లో అల్యూమినా ఫ్యాక్టరీ మొదలైంది. అప్పట్లో ఫ్యాక్టరీలన్నీ ప్రభుత్వానివే. ఇలాంటి ఊళ్లలో ఇళ్లు కట్టేదీ, పిల్లల బడులు నడిపేదీ ఎక్కువగా ఫ్యాక్టరీయే. అమ్మ, నాన్న, పెద్దైన పిల్లలు అందరూ అందులోనే పనిచేసేవారు.

ఏదీ పారేయరు

అల్యూమినా చేయడానికి మరో రాయి కూడా కావాలి. దాని పేరు నెఫెలిన్. అది రష్యాకు బాగా ఉత్తరాన కోలా అనే చోట దొరుకుతుంది. అక్కడ ఎరువుల కోసం గని తవ్వుతారు. ఎరువుకు పనికొచ్చే రాయి తీసుకోగా మిగిలిన దానిలో నెఫెలిన్ ఉంటుంది. దాన్ని వేరుచేసి రైల్లో వెయ్యి కిలోమీటర్లకు పైగా మోసుకొస్తారు.

పికల్యోవోలో ఆ రాతి పొడిని, సున్నపురాయి పొడిని కలుపుతారు. పెద్ద కొలిమిలో బాగా కాలుస్తారు. తర్వాత నీళ్లలో కడుగుతారు. అప్పుడు మూడు రకాల సరుకు తయారవుతుంది.

ఒకటి, అల్యూమినా. అది అల్యూమినియం చేయడానికి పోతుంది.

రెండు, అడుగున మిగిలే బురద. దాంతో సిమెంటు చేస్తారు.

మూడు, మిగిలిన నీళ్లు. ఆ నీళ్ల నుంచి సోడా, పొటాష్ తీస్తారు. సోడా గాజు చేయడానికి పనికొస్తుంది. పొటాష్ కూడా పరిశ్రమల్లో వాడతారు.

మనం వడ్లు మరపట్టిస్తే బియ్యం వస్తాయి. తవుడు గొడ్లకు పెడతాం. ఊక పొయ్యిలో వేస్తాం. ఏదీ పారేయం. పికల్యోవోలో కూడా అంతే. ఒకరికి మిగిలింది ఇంకొకరికి ముడిసరుకు.

కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. మర ఆగితే బియ్యం ఒక్కటే కాదు, తవుడూ ఉండదు, ఊకా ఉండదు. అల్యూమినా ఫ్యాక్టరీ ఆగితే మిగతా రెండూ ఆగిపోతాయి.

ఒక ఇల్లు మూడు వాటాలైంది

1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వ ఫ్యాక్టరీలు ప్రైవేటు వాళ్ల చేతికి పోయాయి. 2000 తర్వాత పికల్యోవోలో మూడు పనులకూ ముగ్గురు వేరు వేరు యజమానులు అయ్యారు. అల్యూమినా ఒకరిది. సిమెంటు ఒకరిది. సోడా, పొటాష్ ఇంకొకరివి. ఉత్తరాన నెఫెలిన్ ఇచ్చే కంపెనీ వేరే.

ఎవరి లెక్క వారిది అయింది. నెఫెలిన్ ధర మీద తగవు వచ్చింది. ఈ ధరకు కొంటే అల్యూమినా గిట్టదని ఆ ఫ్యాక్టరీ వాళ్లన్నారు. 2008లో ప్రపంచమంతటా వ్యాపారాలు దెబ్బతిన్నాయి. ఆ ఏడాది చివర్లో అల్యూమినా ఫ్యాక్టరీ ఆగింది. 2009 మే, జూన్ నాటికి మూడు ఫ్యాక్టరీలూ ఆగిపోయాయి. వేలమందికి పని పోయింది. చేసిన పనికి రావలసిన జీతాలు కూడా బాకీ పడ్డాయి. వేరే పని చూసుకుందామంటే ఊళ్లో వేరే ఫ్యాక్టరీ లేదు.

అప్పుడు వేడి నీళ్ల కేంద్రం సంగతి వచ్చింది. అది గ్యాసుతో నడుస్తుంది. గ్యాసు డబ్బులు కట్టలేదు. గ్యాసు ఆపేశారు. 2009 మే నెలలో ఊరంతటికీ వేడి నీళ్లు ఆగిపోయాయి. జీతం రాకపోతే మగవాళ్లకూ కష్టమే, ఆడవాళ్లకూ కష్టమే. కానీ ఇంట్లో వంట, గిన్నెలు, బట్టలు, పిల్లల స్నానాలు చూసుకునేది ఎవరు? ఆ బరువు ఆడవాళ్ల మీద ఎక్కువ పడింది. ఇప్పుడే ఇలా ఉంటే చలికాలం ఎలా గడుస్తుందని అందరికీ దిగులు పట్టుకుంది.

రోడ్డు మీదికి

మే నెలలోనే జనం ఊరి పాలక కార్యాలయానికి వెళ్లారు. లోపల సమావేశం జరుగుతోంది. తోసుకుని లోపలికి వెళ్లి అడిగారు. పని జరగలేదు. ఆ రోజుల్లో కార్మిక సంఘాన్ని ముందుండి నడిపింది ఒక మహిళ. ఆమె పేరు స్వెత్లానా ఆంత్రోపొవా.

2009 జూన్ 2న కొన్ని వందల మంది వెళ్లి పెద్ద రహదారి మీద నిలబడ్డారు. వారిలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్ని గంటలు బండ్లు కదలలేదు. లారీలు బారులు తీరాయి. దారిన పోయేవారికి ఇబ్బంది కలిగింది. కానీ ఆ ఊరి గోడు దేశమంతటికీ తెలిసింది.

రెండు రోజులకు, జూన్ 4న, అప్పటి ప్రధానమంత్రి వ్లాదిమిర్ పుతిన్ ఆ ఊరికి వచ్చారు. యజమానులను ఒకచోట కూర్చోబెట్టారు. టీవీ కెమెరాల ముందే వాళ్లను మందలించారు. అల్యూమినా ఫ్యాక్టరీ యజమాని ఒలెగ్ దెరిపాస్కా. ఆయన దేశంలో పెద్ద ధనవంతుల్లో ఒకరు. ప్రధాని ఆయన్ను పిలిచి, ముడిసరుకు ఒప్పందం మీద అందరి ముందూ సంతకం చేయించారు. సంతకం అయ్యాక తన పెన్ను తిరిగి ఇచ్చేయమని అడిగారు. ఆ పెన్ను సంగతి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

జీతాల బాకీ 4 కోట్ల రూబుళ్లకు పైగా ఉంది. రూబులు అంటే రష్యా డబ్బు. ఆ డబ్బు అదే రోజు బ్యాంకుకు వచ్చింది. జనం బ్యాంకు దగ్గర వరుస కట్టారు. తర్వాత కొన్ని నెలల్లో ఫ్యాక్టరీలు మళ్లీ నడిచాయి.

అంతటితో అయిపోయిందా?

కాలేదు. ఒక్క ఫ్యాక్టరీ మీదే బతికే ఊళ్లు రష్యాలో చాలా ఉన్నాయి. 2014లో ప్రభుత్వం రాసిన జాబితాలో అలాంటివి 300కు పైగా ఉన్నాయి. ప్రతి ఊరికీ ప్రధానమంత్రి వచ్చి సంతకాలు చేయించలేరు కదా! అందుకే 2014లో ఆ ఊళ్ల కోసం ప్రత్యేకంగా ఒక నిధి పెట్టారు. ఆ ఊళ్లలో వేరే పనులు కూడా రావాలన్నది దాని ఉద్దేశం.

ఒక్క స్తంభం మీద నిలబెట్టిన పందిరి గాలికి ఆగదు. నాలుగు గుంజలు ఉండాలి. ఊరికీ అంతే.

ఇంకొక మాట. పికల్యోవోలో రాయి ఉంది, కొలిమి ఉంది, పని తెలిసిన మనుషులు ఉన్నారు. లేనిది కాగితం మీద కుదిరిన మాట. ఎవరు సరుకు ఇవ్వాలి? ఎంత ఇవ్వాలి? ఏ ధరకు? ఎన్నాళ్లు? ఇవి రాసి ఉన్న కాగితమే ఒప్పందం. ఆ కాగితం మీద సంతకం లేక 20 వేల మంది ఊరు అల్లాడింది.

మనం ఇప్పుడు సంతకం నేర్చుకున్నాం. సంతకం పెట్టే ముందు పైన రాసింది చదువుదాం. ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్నవి చూద్దాం. అర్థం కాకపోతే అడుగుదాం.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. నెఫెలిన్ రాయి నుంచి వచ్చే మూడు సరుకులు ఏమిటి?

2. ఒక ఫ్యాక్టరీ ఆగితే మిగతా రెండూ ఎందుకు ఆగిపోయాయి?

3. వేడి నీళ్లు ఎందుకు ఆగిపోయాయి?

4. మన ఊళ్లో జనం ఏయే పనుల మీద బతుకుతున్నారు? ఒక పని ఆగిపోతే ఇంకొకటి ఉందా?

5. మీరు ఇంతవరకు ఏయే కాగితాల మీద వేలిముద్ర వేశారు? వాటిలో ఏం రాసి ఉందో ఇప్పుడు చదవగలరా?