కంటికి ఆనని పగులును రంగు పట్టిస్తుంది

ఇల్లు కట్టించుకున్నవారికి తెలిసే ఉంటుంది: గ్రానైట్ పలక మీద నీళ్లు చల్లి ఆరనిస్తే, నెర్ర ఉన్నచోట తడి గీత కాసేపు నిలుస్తుంది. లోహాలకూ ఇలాంటి పరీక్షే ఉంది, పేరు లిక్విడ్ పెనెట్రెంట్ టెస్టింగ్.

వెనకటి రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులకు నూనె పట్టించి, తుడిచి, సుద్ద పూసేవారు. పగుల్లో దాగిన నూనె సుద్దలోకి ఊరి మరక కట్టేది. ఆ మరకను చూడకపోతే ఇరుసు బండి కిందే విరగొచ్చు.

ఇప్పుడు ఎర్ర రంగు ద్రవం వాడుతున్నారు. శుభ్రం చేసిన లోహానికి పూసి, మామూలుగా 10 నుంచి 30 నిమిషాలు ఆగుతారు. దీపపు ఒత్తి నూనె పీల్చినట్టు సన్నటి సందు ద్రవాన్ని లాక్కుంటుంది. మీ పిల్లలు సైన్స్‌లో చదివే కేశనాళికీయత ఇదే. తర్వాత పైపైన తుడిచి తెల్లపొడి చల్లితే ఎర్రగీత తేలుతుంది. తుడవడంలోనే ఉంది నేర్పంతా! ఎక్కువైతే పగుల్లోని రంగూ పోతుంది, తక్కువైతే అంతా ఎర్రబారుతుంది. పైకి తెరుచుకోని లోపలి పగులు మాత్రం దీనికి దొరకదు. దానికి అల్ట్రాసౌండో ఎక్స్‌రేనో కావాలి.

ఇంట్లో పిల్లలతో చేయించాలంటే నెర్రలిచ్చిన పాత పింగాణీ కప్పు, సిరా, సుద్దపొడి చాలు. మట్టి ప్రమిద వద్దు, అది ఒళ్లంతా పీల్చుకుంటుంది.