ఎగిరే కోడిగుడ్డు

కిందటేడు అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో రెండు నెలలున్నాం. ఒక ఆదివారం అల్లుడు మమ్మల్ని పాత యుద్ధవిమానాల ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళాడు. పెద్ద పెద్ద విమానాల నడుమ ఓ మూల బుల్లి హెలికాప్టరు ఒకటి కనిపించింది. మా ఆవిడ దాన్ని చూసి, "ఇదేమిటండీ, కోడిగుడ్డుకు తోక తగిలించినట్టుంది!" అంది.

నాకూ నవ్వొచ్చింది. తీరా చూస్తే, అమెరికా సిపాయిలు కూడా దాన్ని 'ఎగిరే గుడ్డు' అనే పిలిచేవారట. ఇంటికి వచ్చాక రెండు మూడు పుస్తకాలు తిరగేశాను.

దాని అసలు పేరు ఓ.హెచ్.-6 కేయూస్. కేయూస్ అన్నది అమెరికా ఆదివాసుల్లో ఒక తెగ పేరు. శత్రువు జాడ కనిపెట్టడానికి తేలికపాటి హెలికాప్టరు కావాలని 1960లో అమెరికా సైన్యం అడిగింది. సినిమాలు తీసి, విమానాలు నడిపి పేరు గడించిన హోవర్డ్ హ్యూస్ కంపెనీ, ఇంజను ధర కాక ఒక్కొక్కటి 20 వేల డాలర్ల లోపుకే చేసిస్తామని 1965లో ఆ కాంట్రాక్టు దక్కించుకుంది. ఆ బేరంలో కంపెనీ బాగా నష్టపోయిందనుకోండి, అది వేరే సంగతి. దీని బరువు ఖాళీగా 600 కిలోల లోపే. మన పాత అంబాసిడరు కారులో ఇంచుమించు సగం! 'తేలికపాటి పరిశీలక హెలికాప్టరు' అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి సిపాయిలు దాన్ని 'లోచ్' అనేవారు.

1968 నాటికి అది వియత్నాం యుద్ధంలో ఉంది. అక్కడ దాని పనేమిటో వినండి. తలుపులు ఊడదీసి, చెట్ల చివళ్ళకు తగిలీ తగలనట్టు నెమ్మదిగా ఎగరాలి. గడ్డి కొత్తగా వంగిందా, బురదలో అడుగుజాడలున్నాయా, ఆకుల సందున పొయ్యి పొగ లేస్తోందా అని వెదకాలి. అంత కిందుగా వచ్చినదాన్ని చూసి పొదలో దాగినవాడు తుపాకి పేల్చక మానడు. వాడు పేల్చాలనే వీళ్ళక్కడ తిరిగేది! పేల్చగానే లోచ్‌లోని మనిషి గుర్తుగా రంగుపొగ బాంబు జారవిడిచేవాడు. లోచ్ చటుక్కున తప్పుకునేది. పైన గిరికీలు కొడుతున్న కోబ్రా హెలికాప్టరు ఆ గుర్తు మీద విరుచుకుపడేది. లోచ్ దళం తెలుపు, కోబ్రా దళం ఎరుపు. రెండూ కలిస్తే 'గులాబీ జట్టు' అని పేరు.

పులి కోసం మంచె కింద మేకను కడతారు గదా! ఆ మేక పనే లోచ్‌ది.

సాయంత్రం ఇదంతా చెబుతూ ఉంటే మా ఆవిడ, "లోపలి పిల్లలేమయ్యారండీ?" అంది.

పిల్లలే మరి. చాలామంది ఇరవై దాటీ దాటని వాళ్ళు. 1,400 పైచిలుకు హెలికాప్టర్లు తయారైతే, 800 పైగా ఆ యుద్ధంలోనే నాశనమయ్యాయి. కాని చిత్రమేమిటంటే, గుడ్డులాంటి ఆ ఆకారమే చాలామందిని బతికించింది. నేలకు కొట్టుకున్నప్పుడు తోక ఒకచోట, రెక్కలు ఒకచోట విరిగి పడిపోయినా, మనుషులున్న గుడ్డు మాత్రం నలగకుండా దొర్లుకుంటూ పోయేది. కూలక తప్పకపోతే లోచ్‌లోనే కూలాలని పైలట్లు చెప్పుకునేవారు. దాని వంశంలోవే 'లిటిల్ బర్డ్' హెలికాప్టర్లు, ఈనాటికీ అమెరికా సైన్యంలో ఉన్నాయి.

"నయమే. తాను ముక్కలై వాళ్ళను కాపాడిందన్నమాట," అంది మా ఆవిడ. కాసేపూరుకుని మళ్ళీ అడిగింది: "అది సరే, పొయ్యి పొగ అన్నారే! ఆ పొయ్యి దగ్గర ఉన్నది తుపాకి పట్టినవాడో, పిల్లలకు అన్నం వండుకునే తల్లో, పైనుంచి వాళ్ళకెలా తెలిసేదండీ?"

పుస్తకం మూసి పక్కన పెట్టాను. అంత కిందుగా ఎగిరినా అన్నిసార్లూ తెలిసేది కాదు. ఆ యుద్ధంలో సిపాయిలే కాదు, పల్లెజనం కూడా లక్షల మీద చనిపోయారు. లోచ్‌లో కూర్చున్నవాడికి గుడ్డు పెంకన్నా అడ్డం ఉంది. పొయ్యి దగ్గరి మనిషికి తాటాకు కప్పే గదా!