అమ్మేముందు ఒక్క లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడమని మాత్రం అనలేదు. అయినా ఈమధ్య మా బ్యాంకులో నన్ను తరచు అడిగే ప్రశ్న అదే. "పిల్లలు దూరంగా స్థిరపడ్డారు. ఇంత ఇల్లు నాకెందుకు? అమ్మేసి డిపాజిట్టు చేస్తే నెలనెలా వడ్డీతో హాయిగా ఉండొచ్చు కదా?"

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందు నుంచీ బరంపురంలో ఉంటున్న మావంటి తెలుగు కుటుంబాల్లో ఇది ఇంటింటి సమస్య. పిల్లలు విశాఖలోనో బెంగుళూరులోనో ఉంటారు. పాత ఇంటికి పెద్దవాళ్ళే కాపలా.

మా పిన్ని సంగతే చెబుతాను. వయసు 68. ఇల్లు ఆమె పేరనే ఉంది. 50 లక్షలకు బేరం వచ్చింది. అమ్మేసి తమ దగ్గరికి వచ్చెయ్యమని కొడుకుల పోరు. "బ్యాంకువాడివి కదా, నువ్వే లెక్క చెప్పు నాయనా" అంది.

మొదటిది పన్ను. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఇంటికి, ఆ రోజు నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. అది 5 లక్షలనుకుంటే లాభం 45 లక్షలు. 2024 జూలై 23 నుంచి వచ్చిన పద్ధతిలో దానిమీద 12.5 శాతం, అంటే 5 లక్షల 62 వేల పైచిలుకు. సెస్సు అదనం. ఆ తేదీకి ముందు కొన్న ఇల్లు గనుక, ధరల సూచీతో సవరించి 20 శాతం చొప్పున కూడా లెక్క కట్టి, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. పిన్ని విషయంలో మొదటిదే తక్కువ. లాభాన్ని ఆరు నెలల్లోగా ఇందుకోసం నిర్దేశించిన బాండ్లలో పెడితే, 50 లక్షల వరకు పన్ను ఉండదు. కాని ఆ డబ్బు ఐదేళ్ళు కదలదు.

రెండవది వడ్డీ. పన్ను పోను 44 లక్షలకు 7 శాతం చొప్పున నెలకు సుమారు 25,600. ఆ అంకె వినగానే పిన్ని ముఖం వెలిగింది. "మరి వేరే ఉండాల్సి వస్తే అద్దె?" అన్నాను. 10,000 అనుకున్నాం. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఎన్నేళ్ళకు రెట్టింపవుతాయి? 72ని 6తో భాగించండి, 12 ఏళ్ళు. అప్పటికి అద్దె 20,000. వడ్డీ మాత్రం అదే. మిగిలే 5,600 విలువ నేటి లెక్కన 2,800. అప్పటికి పిన్నికి 80 ఏళ్ళు. మందుల ఖర్చు తగ్గే వయసు కాదు.

మూడవది భద్రత. 2020 నుంచి డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే. అంతా ఒకేచోట పెట్టకూడదు.

ఇవన్నీ విని పిన్ని ఒక్క మాట అడిగింది. "వాళ్ళ దగ్గర నాకు కుదరకపోతే నేను వచ్చి దిగేదెక్కడ నాయనా?"

ఈ ప్రశ్నకు నా కాగితం మీద జవాబు లేదు. అందుకే ఒక సలహా ఇచ్చాను. దేవుడి గది, వెనక గది తన కింద ఉంచుకుని, మిగతా భాగం 11 నెలల ఒప్పందం మీద అద్దెకిచ్చి, చిన్నకొడుకు దగ్గర ఉండి చూడమన్నాను. పెద్దవాడు కొంచెం నొచ్చుకున్నాడు. బేరం పోతుందన్నాడు. పోయింది కూడా. పిన్ని విశాఖ వెళ్ళి ఎనిమిది నెలలయింది. మనవడి కబుర్లు ఫోనులో చెబుతుంది. ఇంటి తాళం చెవులు మాత్రం ఇంకా ఆమె దగ్గరే ఉన్నాయి. అమ్మకం సంగతి తేల్చుకోలేదు.

అమ్మకూడదని కాదు నా ఉద్దేశం. చూసేవారు లేక కూలిపోయే ఇంటిని, తగవులు ముదిరే ఇంటిని అమ్మడమే మేలు. అమ్మడం ఇష్టం లేక, ఖర్చులకు డబ్బు కావలసిన వారికి 60 ఏళ్ళు దాటితే రివర్స్ మార్ట్‌గేజ్ అనే రుణ పథకం ఉంది. 2007లో వచ్చింది. బతికినంతకాలం ఆ ఇంట్లోనే ఉండవచ్చు. ఇచ్చే బ్యాంకులు కొద్ది, విచారించుకోవాలి.

యజమాని వీలునామా లేకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, ఆయన తల్లి ఉంటే ఆమెకూ సమాన వాటా. పెళ్ళయిన ఆడపిల్ల సంతకం కూడా కావాలని మరువకండి.

అద్దెకిచ్చిన ఇంటిని మరుసటి ఏడాదైనా అమ్మవచ్చు. అమ్మిన ఇంటిని అదే ధరకు మళ్ళీ కొనలేము. పెద్దవాళ్ళచేత సంతకం పెట్టించే ముందు, వాళ్ళు తిరిగి వచ్చి దిగే చోటు ఏదో తేల్చుకోండి.