కోసా పట్టు: చెట్టు నుండి చీర దాకా

మీరు దుర్గ్‌లోగాని, భిలాయిలోగాని ఉంటున్నట్లయితే బట్టల దుకాణాలలో ‘కోసా’ అనే మాట వినే ఉంటారు. తెలుగు ప్రాంతాలలో దీనినే దసలి పట్టు అంటారు. తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు అడవుల వైపు దీనిని పెంచుతారు. దుర్గ్ నుండి హౌరా వైపు వెళ్ళే రైలెక్కితే బిలాస్‌పూర్ దాటాక చాంపా వస్తుంది. కోసా నేతకు పేరుపొందిన ఊరు అది. అక్కడి నేతగాళ్ళలో ఎక్కువమంది దేవాంగన్‌లు. మన దేవాంగుల పేరు గుర్తుకు వస్తోంది కదా!

రంగు వేయకుండానే తేనె రంగులో మెరిసే ఈ బట్టకు ఫ్యాషన్ మార్కెట్‌లో గిరాకీ ఉంది. అయితే ఆ గిరాకీ ఎంతకాలం నిలుస్తుందన్నది దుకాణంలో తేలే విషయం కాదు. అడవిలో ఏం జరుగుతున్నదో చూద్దాం.

చెట్టు, గుడ్డు

దసలి పురుగు మల్బరీ ఆకు తినదు. తెల్లమద్ది, నల్లమద్ది ఆకులు తిని, చెట్టుమీదే గూడు కడుతుంది. మద్ది మొక్క నాటితే పురుగులను పెంచడానికి నాలుగైదేళ్ళు ఆగాలి. కాబట్టి ఈ ఏడు కొట్టేసిన చెట్టు లోటు చాలా పంటల వరకు కనిపిస్తుంది.

మంచి ధర వచ్చిందని రైతు గూళ్ళన్నీ అమ్మేస్తే మరుసటి పంటకు గుడ్లు ఉండవు. వరి రైతు విత్తనాలు దాచినట్లే కొన్ని గూళ్ళు విడిగా ఉంచాలి. వాటినుండి వచ్చిన ఒక్కొక్క ఆడ సీతాకోక సుమారు 200 గుడ్లు పెడుతుంది. తల్లికి రోగముంటే పిల్లలకూ వస్తుంది. అందుకే సూక్ష్మదర్శినితో పరీక్షించిన గుడ్లే తీసుకోవాలి. ఈ పనికోసం కేంద్ర సిల్క్ బోర్డు విత్తన సంస్థ బిలాస్‌పూర్‌లోనే ఉంది.

దారం తీసే స్త్రీలు

గూళ్ళను క్షారం కలిపిన నీటిలో ఉడికించి, స్త్రీలు నేలమీద కూర్చుని, దారాన్ని తొడమీద అరచేతితో పురిపెడుతూ తీసేవారు. రోజంతా ఇలా చేస్తే చర్మం ఒరుసుకుపోతుంది, నడుము పట్టేస్తుంది. చాంపాకు చెందిన ఒక పారిశ్రామికుని సహకారంతో కేంద్ర సిల్క్ బోర్డు పరిశోధన సంస్థ ‘బునియాద్’ అనే చిన్న యంత్రాన్ని తయారుచేసింది. తొడమీద దారం తీసే స్త్రీకి రోజుకు దాదాపు 125 రూపాయలు, ఈ యంత్రంతో 350 రూపాయలు వస్తాయని 2019 ప్రాంతంలో కేంద్ర జౌళి శాఖ లెక్క చెప్పింది. చీర అందాన్ని పొగిడేవారు ఈ 125 రూపాయల సంగతి ఎక్కువగా అడగరు.

కొనేవారి పని

పాలిస్టర్ దారాన్ని కోసా అని అమ్మితే నేతగాడూ, అడవిలోని రైతూ ఇద్దరూ నష్టపోతారు. పాలిస్టర్ పెట్రోలియం నుండి వస్తుంది, మట్టిలో త్వరగా కలవదు. బట్ట అంచునుండి ఒక్క పోగు లాగి కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలుగుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. సిల్క్ మార్క్ చీటీ ఉందో లేదో కూడా చూడండి.

పాఠంలోని ప్రశ్నలు

1. గూళ్ళన్నీ అమ్మిన రైతుకు మరుసటి పంటలో ఏమవుతుంది?
2. నెలకు 25 రోజులు పనిచేసే స్త్రీకి యంత్రం వల్ల ఎంత అదనంగా వస్తుంది? (జవాబు: 5,625 రూపాయలు)
3. మీ ఇంట్లోని ఒక పట్టుబట్ట పోగును పై విధంగా పరీక్షించి, ఫలితం రాయండి.