టర్బో ఎంత పెద్దదైతే అంత మేలా?

1973 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఒక చిన్న కారును జనం ముందు నిలిపింది. దాని ముందుభాగాన ‘2002 టర్బో’ అన్న అక్షరాలు కుడి ఎడమలు తారుమారై ఉన్నాయి. అది రంగులు వేసినవాని పొరపాటు కాదు. ముందు పోతున్న కారు డ్రైవరు తన అద్దంలోకి చూసుకున్నప్పుడు ఆ పేరు సరిగా కనబడాలనీ, అతడు బెదిరి దారి ఇవ్వాలనీ ఉద్దేశం. ఈ దురుసుతనం మీద పశ్చిమ జర్మనీలో పెద్ద దుమారమే రేగింది. మరుసటి నెలలోనే చమురు సంక్షోభం వచ్చిపడింది. 1,672 కార్లు తయారయ్యాక, 1975లో ఆ మోడల్ కథ ముగిసింది.

ఆ కారును నడిపినవారు చెప్పుకొన్న సంగతి వేరొకటి ఉన్నది. రెండు లీటర్లకు కాస్త తక్కువైన ఆ ఇంజను నిమిషానికి 5,800 చుట్ల వద్ద 170 అశ్వశక్తి ఇచ్చేది. అయితే వేగం నాలుగు వేల చుట్లకు సమీపించేదాకా నిద్రమత్తులో ఉన్నట్టుండి, ఆ తరువాత ఒక్క ఉదుటున ముందుకు దూకేది. 1975లో మార్కెట్టుకు వచ్చిన పోర్షే 911 టర్బో ఈ విషయంలో మరీ ప్రమాదకరం. దాని ఇంజను వెనక చక్రాలకు ఆవల ఉంటుంది. శక్తి 260 అశ్వాలు. మలుపులో డ్రైవరు పెడలు తొక్కుతాడు, ఏమీ జరగదు. ఇంకాస్త తొక్కుతాడు. అప్పుడు, సరిగ్గా అక్కరలేని క్షణంలో, శక్తి అంతా వచ్చి వెనక చక్రాల మీద పడుతుంది. బెదిరి కాలు తీశాడా, బరువు ముందుకు మళ్ళి, కారు తోక బయటికి తిరిగిపోతుంది. ఆ కారుకు ‘వితంతువులను చేసే బండి’ అని పేరు రావడం ఊరకనే కాదు.

రోడ్డు మీద తిరిగే కారుకు అదనపు శక్తి కావాలని కోరుకునే ప్రతివాడూ ఈ ఆలస్యం అనే చిక్కును ఎదుర్కోక తప్పదు. దాని మూలం రెండు వస్తువుల ఎంపికలో ఉన్నది: టర్బో పరిమాణం, కామ్‌షాఫ్టు ఆకృతి.

ఇంజను విషయంలో పిండి కొద్దీ రొట్టె. ఎంత గాలి లోపలికి పోతే అంత ఇంధనం మండుతుంది, అంత శక్తి పుడుతుంది. కమ్మరి కొలిమికి తిత్తి చేసే పనినే ఇంజనుకు టర్బో చేస్తుంది. తిత్తిని ఊదడానికి మనిషి కావాలి. టర్బోను మాత్రం ఇంజను వదిలే పొగే తిప్పుతుంది. వృథాగా బయటికి పోయే వేడి వాయువులు ఒక టర్బైను చక్రాన్ని తిప్పితే, అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి నెడుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే ఈ ఊహకు పేటెంటు పొందాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానపు ఇంజనును 14,000 అడుగులకు పైబడిన పైక్స్ పీక్ శిఖరం మీదికి చేర్చి, పలుచని గాలిలో కోల్పోయిన శక్తిని టర్బో తిరిగి ఇవ్వగలదని నిరూపించాడు.

మరి పెద్ద టర్బో పెట్టుకుంటే సరిపోదా? చిన్న లెక్క వేసి చూడవచ్చు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకొకసారి తన పరిమాణమంత గాలి పీలుస్తుంది. రెండు లీటర్ల ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే అది 6,000 లీటర్లు. నష్టాలు పోను సుమారు 5,000 లీటర్లు, అంటే ఆరు కిలోల గాలి. టర్బో దానిని తొమ్మిది కిలోలు చేయగలదు అనుకుందాం. కిలో గాలికి దాదాపు 20 అశ్వశక్తి అని మెకానిక్కుల మోటు లెక్క. ఆ ప్రకారం 180 అశ్వాలు. ఆశపోతు యజమాని 400 అశ్వశక్తికి తగిన, నిమిషానికి 20 కిలోల గాలి తోయగల టర్బోను తెచ్చి బిగించాడనుకోండి. ఊరిలో అతని ఇంజను తిరిగేది 2,500 చుట్ల దగ్గర. అక్కడ పుట్టే పొగ ఆ పెద్ద చక్రాన్ని సరిగా కదిలించలేదు. ఏరు పారితేనే తిరిగే చక్రాన్ని పిల్లకాలువ మీద నిలబెట్టినట్టే.

మరీ చిన్నదైనా కష్టమే. అది 2,000 చుట్లకే మేల్కొంటుంది గాని, వేగం పెరిగేకొద్దీ పొగకు దారి ఇరుకై, ఇంజను గొంతు నొక్కినట్లవుతుంది. గాలి మితిమీరి వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిలో ఇంధనం వేళకు ముందే భగ్గుమంటే పిస్టన్లు పగులుతాయి. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారులో ఈ బాధను తప్పించడానికి నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మేవారు. పాపం, యజమానులు ఆ తొట్టె నింపడం మరచిపోయేవారు! చివరికి సంస్థే చాలా కార్లకు ఉచితంగా టర్బోను ఊడదీసి, మామూలు కార్బురేటరు బిగించి పంపింది.

ఇక కామ్‌షాఫ్టు సంగతి. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంత ఎత్తు లేవాలో, ఎంతసేపు తెరచి ఉండాలో నిర్ణయించేది దీని మీది గుడ్డు ఆకారపు బొడిపెలే. పొగ వాల్వు మూసుకోకముందే గాలి వాల్వు తెరుచుకునే ఒక సంధికాలం ఉంటుంది. టర్బో లేని పందెపు కారులో ఈ సంధికాలం దీర్ఘంగా ఉంటే, బయటికి దూసుకుపోయే పొగ తన వెనుకనే కొత్త గాలిని లాగుకొస్తుంది. అధిక వేగంలో శక్తి పెరుగుతుంది. టర్బో ఉన్న కారులో కథ అడ్డం తిరుగుతుంది. చిన్న టర్బైను ముందు పొగ పేరుకుని, దాని పీడనం లోపలికి వచ్చే గాలి పీడనాన్ని మించిపోతుంది. అప్పుడు సంధికాలం పెరిగేకొద్దీ కాలిన వాయువే వెనుదిరిగి సిలిండరులోకి వస్తుంది. పందెపు కామ్‌షాఫ్టు కొని, శక్తి పెరగలేదేమని వాపోయేవారిలో అనేకుల కథ ఇదే.

పెద్ద టర్బైను పొగను ధారాళంగా పోనిస్తుంది కాబట్టి అది దీర్ఘమైన సంధికాలాన్ని భరిస్తుంది. కనుకనే పందెగాళ్ళ సలహాలో అబద్ధం లేదు; అది వేరే కారుకు, వేరే దారికి చెప్పిన సలహా. గంతకు తగ్గ బొంత అన్నట్టు, రోడ్డు కారుకు చిన్న టర్బో, పొట్టి సంధికాలం. పందెపు కారుకు పెద్ద టర్బో, పొడుగు సంధికాలం. ఒకదాని నుండి టర్బోను, మరొకదాని నుండి కామ్‌షాఫ్టును తెచ్చి కలిపితే రెండింటి దోషాలూ దక్కుతాయి.

కామ్‌షాఫ్టులు అమ్మేవారి పట్టికల్లో మరొక చిక్కు ఉన్నది. వాల్వు తెరచి ఉండే కాలాన్ని డిగ్రీలలో చెబుతారు. కొందరు వాల్వు పీఠం విడిచిన క్షణం నుండి లెక్కిస్తారు. మరికొందరు ఒక మిల్లీమీటరు పైకి లేచాక. ఒకే కామ్‌షాఫ్టుకు ఈ రెండు లెక్కలలో 40 డిగ్రీల తేడా రావడం వింత కాదు. కొలత పద్ధతి అడగకుండా అంకె చూసి కొనడం గుడ్డి బేరం.

ఈ పొందికను రోడ్డు కారులో కుదిర్చి చూపినవారు స్వీడన్ దేశస్థులు. 1977లో, అదే ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో, సాబ్ సంస్థ 99 టర్బోను ఆవిష్కరించింది. పెర్ యిల్‌బ్రాండ్ నాయకత్వంలోని ఇంజనీర్లు గరిష్ఠ శక్తి వెంట పరుగెత్తలేదు. చిన్న టర్బోను ఎంచుకున్నారు. పీడనం హద్దు మీరగానే పొగను పక్కదారి పట్టించే వేస్ట్‌గేటు అనే తలుపు అమర్చి, పై వేగాలలో ఊపిరాడని చిక్కును నిభాయించారు. శక్తి 145 అశ్వాలే, బి.ఎం.డబ్ల్యు. కంటే 25 తక్కువ. కాని టార్కు అనే లాగుడు బలం 3,000 చుట్లకే శిఖరానికి చేరేది. అంటే లారీని దాటవలసిన చోట, మలుపు నుండి బయటపడే చోట, బలం చేతికందే దూరంలో ఉండేది.

మన దేశంలోనూ ఈ అనుభవం లక్షలమందికి తెలిసినదే. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజను 2007 నుండి 2020 వరకు మారుతి కార్లలో వచ్చింది. వంతెన ఎక్కుతూ వేగం 2,000 చుట్ల కిందికి పడితే అది నీరసించి, గేరు తగ్గించమనేది; ఆ గీత దాటగానే హుషారుగా లాగేది. కంపెనీ కారులోనే ఇలా ఉంటే, దానికి మరింత పెద్ద టర్బో తగిలించినవాని అవస్థ ఊహించుకోవచ్చు. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం నిషిద్ధం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని మరొకమారు స్పష్టం చేసింది. సొంత కారులో ప్రయోగాలు చేయదలచినవారు ముందు విచారించుకోవలసిన విషయమిది.

చట్టం అనుమతించే దేశాలలో అనుభవజ్ఞుడైన మెకానిక్కు గరిష్ఠ శక్తి ఎంత కావాలని మొదట అడగడు. ఇంజను రోజూ ఏ వేగంలో తిరుగుతుందని అడిగి, ఆ వేగానికి తగిన టర్బోను ఎంచుతాడు. ఆ పిదప కొత్త కామ్‌షాఫ్టు కొనిపించక, ఉన్నదాని పుల్లీని నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ జరిపి చూస్తాడు. చాలా కార్లకు ఆ పాటి సవరణ చాలు.