తవుడు పండే, పనస తొన కాదు

తాటిచెట్టు ఒకే కాయతో మూడు కాలాల్లో మూడు రకాల తిండి పెడుతుంది. ఎండాకాలంలో లేత కాయ చెక్కితే ముంజలు. వానలు పడ్డాక, పండి రాలిన పండులో పీచుతో కలిసిన పసుపుపచ్చని గుజ్జు, దాంతో తాటి రొట్టెలు, గారెలు. గుజ్జు తీసేసిన టెంకల్ని పాతరేస్తే చలికాలానికి తేగలు. తినేవాళ్లకు అన్నీ తాటివే. వృక్షశాస్త్రవేత్త మాత్రం మూడింటికీ మూడు వేర్వేరు పుట్టుకలు చెబుతాడు. ముంజె అంటే మొలక కోసం చెట్టు గింజలో దాచిన ఆహారం, ఇంకా గట్టిపడని లేత దశలో. దాన్ని అంకురచ్ఛదం అంటారు. గుజ్జు పండు గోడలోని మధ్య పొర. తేగ పండులో భాగమే కాదు, గింజ నుంచి నేలలోకి దిగిన మొలక. తేగలు తవ్వినప్పుడు టెంక పగలగొడితే దొరికే బుర్రగుంజు కూడా ఆ మొలకదే. గట్టిపడిన అంకురచ్ఛదాన్ని కరిగించి పీల్చుకోవడానికి మొలక టెంక లోపల పెంచుకునే మెత్తని అవయవం అది.

పండ్లను వర్గీకరించే శాస్త్రం మొత్తం ఇలాంటి విచారణే. రుచి, రంగు, వంటింట్లో వాడకం దానికి పట్టవు. పువ్వులోని ఏ భాగం ఇలా మారింది అన్నదే దాని ప్రశ్న. పువ్వు మధ్యలో అండాశయం ఉంటుంది, దాని లోపల అండాలు. ఫలదీకరణ జరిగాక అండాలు గింజలవుతాయి, అండాశయం పండవుతుంది. అండాశయం గోడ ఫలకవచంగా మారుతుంది. చాలా పండ్లలో ఈ కవచం మూడు పొరలుగా విడిపోతుంది: బయట తొక్క, నడుమ మధ్యపొర, గింజను ఆనుకుని లోపొర. ఏ పొర మెత్తబడింది, ఏది రాయిలా గట్టిపడింది, ఏది ఎండి పగిలింది అన్నదాన్ని బట్టి పండు పేరు మారుతుంది.

మామిడిలో మధ్యపొర రసం నింపుకుంటుంది, లోపొర టెంకగా బిగుస్తుంది. టెంక లోపలి జీడి అసలైన విత్తనం. ఈ నిర్మాణం ఉన్నవన్నీ టెంక ఫలాలు. కొబ్బరికాయ కూడా ఈ జాబితాలోదే, కాకపోతే అందులో మధ్యపొర రసానికి బదులు పీచు అయింది, లోపొర చిప్ప అయింది. మనం తినే కొబ్బరి, తాగే నీళ్లు రెండూ అంకురచ్ఛదమే, ఒకటి గట్టిది, ఒకటి ద్రవం. చిప్ప మీద కనిపించే మూడు కళ్లు ఆ పువ్వు అండాశయంలో మూడు గదులు ఉండేవని చెప్పే గుర్తులు. వాటిలో రెండు ఎదగకుండా ఆగిపోతాయి. ఒక్క గదే గింజ కడుతుంది, మెత్తగా ఉండే ఆ ఒక్క కన్ను గుండానే మొలక బయటికొస్తుంది.

టెంక లేకుండా గోడ అంతా కండపట్టి గింజలు లోపల ఉండిపోతే అది మృదుఫలం. టమాట, వంకాయ, ద్రాక్ష, జామ, అరటి ఇందులోకి వస్తాయి. అరటిపండును నిలువుగా చీలిస్తే నడుమ కనిపించే చిన్న నల్లచుక్కలు గింజలు కాలేకపోయిన అండాలు. అడవి అరటిలో అక్కడే రాళ్లలాంటి గింజలుంటాయి. గుంటూరు మిరపకాయ కూడా మృదుఫలమే. దాని కారానికి గింజలు కారణమని చాలామంది అనుకుంటారు. కారాన్ని తయారుచేసేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనె. గింజలకు ఉండే కారం చాలావరకు దాన్ని అంటుకుని వచ్చిందే. దోస, గుమ్మడి, పుచ్చకాయలు గట్టి తొక్కగల మృదుఫలాలు కనుక వాటికి వేరే పేరు ఇచ్చారు. నిమ్మ, బత్తాయిలది మరో ప్రత్యేకత: తొనలో కనిపించే రసపు ముత్యాలు లోపొర నుంచి లోపలికి పెరిగిన రోమాలు. రోమాలే రసంతో ఉబ్బి పండవుతాయంటే మొదటిసారి విన్నవారికి నమ్మబుద్ధి కాదు, కానీ లేత కాయను కోసి భూతద్దం కింద పెడితే అవి ఎదుగుతున్న తీరు కనిపిస్తుంది.

టమాట పండా, కూరగాయా అన్న వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ దిగుమతి చేసే కూరగాయల మీద పన్ను ఉండేది, పండ్ల మీద లేదు. 1893లో కోర్టు టమాట వృక్షశాస్త్రం ప్రకారం పండేనని ఒప్పుకుంటూనే, జనం భోజనంలో వాడే తీరును బట్టి కూరగాయగా లెక్కించి పన్ను సమర్థించింది. పన్నుల చట్టానికి అది సబబే. పువ్వు దగ్గర మొదలుపెట్టేవారికి ఆ తీర్పుతో పని లేదు.

ఈ చూపుకు బలమైన పునాది వేసినవాడు జర్మన్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ గేర్ట్నర్. లిన్నేయస్ మొక్కల్ని కేసరాల లెక్కతో తరగతులు చేసిన కాలమది. గేర్ట్నర్ పండ్లను, గింజలను కోసి, లోపలి పిండం ఎటు తిరిగి ఉందో కూడా గీసి చూపించాడు. 1788లో ఆయన లాటిన్ గ్రంథం మొదటి సంపుటం వెలువడింది. రెండు సంపుటాల్లో వెయ్యికి పైగా మొక్కల పండ్ల వర్ణనలు, 180 చిత్రఫలకాలు ఉన్నాయి. కెప్టెన్ కుక్‌తో సముద్రయానం చేసిన జోసెఫ్ బ్యాంక్స్ లాంటివారు తమ సేకరణల నుంచి నమూనాలు ఇచ్చారు. ఏళ్ల తరబడి సూక్ష్మదర్శిని మీద వంగి పనిచేయడంతో గేర్ట్నర్ కంటిచూపు దెబ్బతింది. పాఠ్యపుస్తకాల్లో పిల్లలు కంఠస్థం చేసే ఫలాల పట్టిక వెనుక ఇంత కోత, ఇంత గీత ఉన్నాయని చెప్పేవారు తక్కువ. చెప్పాలి.

కండగల పండ్లే పండ్లనుకుంటే వంటింట్లోని సగం పండ్లు లెక్కలోకి రావు. ధనియాల్లో ఒక్కోటీ ఒక పూర్తి పండు. నలిపితే రెండు బద్దలవుతుంది, ఒక్కో బద్దలో ఒక గింజ. జీలకర్ర, వాము, సోపు అదే కుటుంబం, అదే నిర్మాణం. పొద్దుతిరుగుడు గింజ అని మనం ఒలిచేది కూడా పండే, లోపలి పప్పు గింజ. వడ్లది మరీ ఆసక్తికరం. పైనున్న ఊక పువ్వును కప్పిన పొలుసుల నుంచి వచ్చింది. దాని లోపలి బియ్యపుగింజ పూర్తి ఫలం. దాని పండు గోడ, గింజ తొక్క విడదీయలేనంతగా అతుక్కుపోయి ఉంటాయి. మిల్లులో పాలిష్ పట్టినప్పుడు తవుడుగా రాలిపోయేదాంట్లో ఆ రెండూ ఉంటాయి. తెల్లగా మిగిలేది అంకురచ్ఛదం. దంపుడు బియ్యం తినేవారే నిజానికి వరి పండును ఎక్కువ భాగం తింటున్నారు.

ఒక పువ్వుకు ఒక పండు అన్న లెక్క కూడా అన్నిచోట్లా నిలవదు. సీతాఫలం పువ్వులో విడివిడి అండకోశాలు చాలా ఉంటాయి. ఫలదీకరణ తర్వాత అవన్నీ కలిసి ఒకే పండుగా పెరుగుతాయి. తొక్క మీది ఒక్కో కన్నూ ఒక్కో అండకోశం, అందుకే లోపల గింజకో తొన. పాలమూరు బాలానగర్ పేరు మీద సీతాఫలంలో ఒక ప్రసిద్ధ రకమే ఉంది, చెట్టు పూర్వీకులు మాత్రం అమెరికా ఉష్ణమండలం వాళ్లు. ఇలా ఒకే పువ్వులోని అండకోశాలన్నీ ఒకటైతే సంకలిత ఫలం.

పనస ఇంకో మెట్టు ఎక్కింది. అక్కడ ఒక్క పండులో వందల పువ్వులున్నాయి. పొట్టు కూరకు కొట్టే లేత పనసకాయ నిజానికి ఒక పూలగుత్తి. పండినప్పుడు మనం తినే తొన అండాశయం నుంచి రాలేదు, పువ్వు చుట్టూ ఉండే పరిపత్రమే కండపట్టి తియ్యనైంది. పిక్కను అంటుకుని ఉన్న పలుచని సంచీయే శాస్త్రం ఒప్పుకునే పండు, దాన్ని మనం తీసి పారేస్తాం. తొనల మధ్య పీచులా కనిపించేవి ఫలదీకరణ జరగని పువ్వులు. ఇలా పూలగుత్తి అంతా ఒకటైతే సంయుక్త ఫలం.

మేడి కూడా సంయుక్త ఫలమే, కాకపోతే లోపలికి మడుచుకున్నది. దాని పూలు బయటికి కనిపించవు, గుండ్రని సంచీ లోపలి గోడకు అంటుకుని ఉంటాయి. మేడిపండులోని పురుగులకు తెలుగువాళ్లలో శతాబ్దాల అపకీర్తి ఉంది. ఆ పురుగుల్లో చెట్టుకు ప్రాణమైనవి కందిరీగల జాతికి చెందిన చిన్న కీటకాలు. ఆడ కీటకం కాయ కొన దగ్గరి సన్నని రంధ్రం గుండా దూరుతుంది, ఆ తోపులాటలో రెక్కలు ఊడిపోతాయి. లోపల పుప్పొడి అంటించి, కొన్ని పువ్వుల్లో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. రెక్కలు లేని మగవి ముందు పుట్టి, ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు సొరంగం తొలుస్తాయి. ఆడవి పుప్పొడితో ఆ దారిన ఎగిరి వేరే కాయను వెతుక్కుంటాయి. ఈ కీటకం లేకపోతే మేడిలో గింజ కట్టదు.

మామిడికి దగ్గరి చుట్టమైన జీడిమామిడి మనల్ని పూర్తిగా ఏమారుస్తుంది. ఎర్రగానో పసుపుగానో ఊరించే జీడిపండు ఉబ్బిన పువ్వు కాడ. కింద వేలాడే మూత్రపిండం ఆకారపు జీడికాయ అసలు పండు. మామిడిలో తియ్యని గుజ్జుగా మారిన మధ్యపొర ఇందులో చర్మాన్ని పొక్కించే నూనెతో నిండిన పెంకు అయింది. పలాస జీడి పరిశ్రమలో పెంకు తీసే చేతులకు ఆ పొర సంగతి ఏ పుస్తకం కంటే బాగా తెలుసు.

పండు రకాన్ని బట్టి చుట్టరికం తేల్చబోతే మాత్రం దారి తప్పుతాం. వంకాయ, ఉమ్మెత్త ఒకే కుటుంబం. వంకాయ మృదుఫలం, ఉమ్మెత్త ముళ్లతో ఎండి పగిలే గుళిక. చిక్కుడు కుటుంబం కాయలు ఎండగానే రెండుగా చీలడం ఆనవాయితీ, కానీ చింతకాయ చీలదు, దాని మధ్యపొర పులుసుకు పనికొచ్చే గుజ్జవుతుంది. వేరుశనగ ఫలదీకరణ తర్వాత ఊడను మట్టిలోకి దించి అక్కడ కాయ కడుతుంది. ఇలాంటి మినహాయింపులన్నిటికీ చోటు ఇవ్వబోయి అమెరికన్ వృక్షశాస్త్రవేత్త రిచర్డ్ స్పజట్ 1994లో 90కి పైగా ఫల రకాలను గుర్తించారు. తరగతి గదికి అన్ని అక్కర్లేదు.

పండు పగులుతుందా, పగలదా అన్నది రైతుకు డబ్బుల లెక్క. నువ్వుకాయ గుళిక. ఎండితే నోరు తెరిచి గింజ రాల్చేస్తుంది. అందుకే పూర్తిగా ఎండకముందే కోసి, కట్టలు కట్టి, నిలబెట్టి ఆరబెట్టి, తర్వాత తిరగేసి దులుపుతారు. 1943లో వెనిజులాలో డి. జి. లాంగమ్ పగలని కాయలున్న నువ్వు మొక్కను కనుగొన్నాడు. యంత్రంతో కోయవచ్చన్న ఆశ పుట్టింది. అయితే ఆ కాయలు ఎంత గట్టివంటే, వాటిని విప్పే క్రమంలో గింజలే దెబ్బతిన్నాయి. ఆ తర్వాతి ప్రజననకారులు మధ్యేమార్గం పట్టారు: కొన దగ్గర మాత్రం కాస్త తెరుచుకుని, యంత్రం వచ్చేదాకా గింజల్ని పట్టి ఉంచే కాయలున్న రకాలను తయారుచేశారు.