ఐదో అక్షరం సున్నా

ఆన్‌లైన్‌లో డబ్బు పంపుదామని కూర్చుంటాం. పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అన్నీ నింపి బటన్ నొక్కగానే ఎర్రటి అక్షరాల్లో ఒకే ముక్క: "చెల్లని వివరాలు". ఏ వివరాలో చెప్పదు. పాస్‌బుక్ తెచ్చుకుని మొదటి నుంచీ సరిచూస్తాం. అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తాయి.

చిక్కు చాలాసార్లు ఐదో అక్షరం దగ్గర ఉంటుంది. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలు. మొదటి 4 బ్యాంకువి, చివరి 6 శాఖవి. మధ్యలోని ఐదోది ఎప్పుడూ సున్నాయే. దాన్ని ఇంగ్లిష్ 'ఓ' అనుకుని కొట్టేస్తాం. పొరపాటు ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కు తెలుసు, తెలిసే కదా వెనక్కి కొట్టింది! ఆ తెలిసినదేదో మనకూ చెబితే సరిపోయేది: "ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో ఐదోది సున్నా ఉండాలి, మీరు 'ఓ' కొట్టారు." ఏ గడి, అందులో ఏముంది, ఏముండాలి. మామూలు ఫారానికి ఈ మూడూ చాలు.

కొన్నిచోట్ల సాఫ్ట్‌వేర్‌కే సగం తెలుస్తుంది. ఆధార్‌లోని 12 అంకెల్లో చివరిది, ముందున్న 11 అంకెల నుంచి లెక్కగట్టి పెట్టింది. ఒక్క అంకె మారినా లెక్క కుదరదు. కానీ మారింది ఏ అంకో ఆ లెక్కకు అందదు. అలాంటప్పుడు "ఎక్కడో అంకె తప్పు పడింది, కార్డు చూసి మళ్లీ కొట్టండి" అనడమే నిజాయితీ. "చెక్‌సమ్ విఫలమైంది" అన్న మాట ప్రోగ్రామర్‌కు పనికొస్తుంది. దాని చోటు లాగ్‌లో, మన తెర మీద కాదు.

లాగిన్ దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. "ఈ మెయిల్‌తో ఖాతా లేదు" అని విడమరిచి చెబితే, ఎవరెవరికి ఖాతాలున్నాయో దొంగ ఒక్కొక్కటే కొట్టి ఏరుకుంటాడు. అందుకే "మెయిల్ లేదా పాస్‌వర్డ్ సరికాదు" అని కావాలనే పొడిగా చెబుతారు. కొట్టిన పాస్‌వర్డ్‌ను తిరిగి చూపించడమైతే అసలే కుదరదు, లాగ్‌లోనైనా సరే. 2018లో ట్విట్టర్‌లో ఒక లోపం వల్ల పాస్‌వర్డులు లోపలి లాగ్‌లో ఉన్నవున్నట్టే చేరిపోయాయి. సుమారు 33 కోట్ల మంది వాడకందారులను పాస్‌వర్డ్ మార్చుకొమ్మని ఆ సంస్థే అడగాల్సి వచ్చింది.

వివరం అన్నిటికన్నా ఎక్కువ కావాల్సింది, నా లెక్కలో, ఎక్సెల్ ఫైలును మొత్తంగా ఎక్కించేటప్పుడు. 500 మంది పిల్లల వివరాలున్న ఫైలుకు "తేదీ తప్పు" అని జవాబొస్తే గుమస్తా ఏం చేయాలి? "243వ వరుస, పుట్టిన తేదీ 31-02-2012: ఫిబ్రవరిలో 31 లేదు" అనాలి. అదీ మొదటి తప్పు దగ్గరే ఆగిపోకుండా, అన్నీ ఒకేసారి. లేదంటే 40 తప్పులున్న ఫైలును ఆయన 40 సార్లు దిద్ది, 41వసారీ ఎక్కించాలి.